మా చేని పక్క బిలం: టికెట్టు పెట్టకముందు, పెట్టినాక

పోయిన పోస్టులో శనగ ఎండుతెగులు గురించి రాస్తానని చెప్పినా. అది వచ్చే వారం రాస్తా. ఈ వారం ఇంట్లో వేరే పంచాయితీ నడిచింది. అది మీ అందరికీ పనికొచ్చే సంగతే, అందుకే ముందు ఇది రాస్తున్నా. కొంచెం పొడుగు, తీరిగ్గా చదవండి.

మాకు గుహల దోవలో రోడ్డుకు ఆనుకొని రెండెకరాల చేను ఉంది. టౌనునుంచి ఒకాయన వచ్చి ఆ రెండెకరాలు అడిగినాడు. రూములు కడతాడంట. యాగంటి, బెలుం, గండికోట ఒకే ట్రిప్పులో చూసేవాళ్ళు మన దగ్గర రెండు గంటలుండి వెళ్ళిపోతున్నారు, రాత్రి ఆగే చోటు ఉంటే ఆగుతారు అన్నాడు. ఆయన చెప్పిన రేటు మా వంశంలో ఎవరూ ఒకేసారి చూసి ఉండరు. బెంగుళూరులో పనిచేసే మా పిల్లోడు ఫోన్లో ఒకే మాట అన్నాడు, "నాయనా, ఇచ్చేయ్. ఇంకేం ఆలోచిస్తావు?"

పోయిన ఏడు శనగకు పెట్టిన పెట్టుబడి పూర్తిగా రాలేదు. బ్యాంకులో బాకీ అట్లనే ఉంది. పిల్లోడి మాటలో తప్పేమీ లేదు. అయినా నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే వెనక్కి పోవాల.

బెలుం గుహలు టీవీలో చూసినోళ్ళు అది ఏదో కొండలో ఉంటాది అనుకుంటారు. కొండా లేదు, గుట్టా లేదు. కొలిమిగుండ్ల మండలంలో చదునైన చేన్ల మధ్య, భూమిలో బావుల మాదిరి మూడు బొక్కలు. అంతే. ఇరవై అడుగుల దూరం వచ్చేదాకా అక్కడ ఏదో ఉందని కూడా తెలీదు. సంస్కృతంలో బిలం అంటే బొక్క. ఊరి పేరు కూడా దాంట్లోంచే వచ్చిందంటారు.

మా చిన్నప్పుడు మాకు దాంతో ఉన్న సంబంధం ఒకటే, భయం. గొర్రెలు మేపే పిల్లోళ్ళను ఆ దిక్కు పోనిచ్చేవాళ్ళు కాదు. మా జేజి అయితే "లోపలికి పోయినోడు కాశీలో తేల్తాడు" అనేది. మేక పడిపోతే పోయినట్టే లెక్క. జొన్నచేనికి కాపలా పండుకున్న రాత్రి ఆ బొక్కల్లోంచి గబ్బిలాలు లేస్తే ముసుగు తన్నుకొని పండుకునేవాణ్ణి.

ఇంకో సంబంధం కూడా ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంటాది. చుట్టుపక్కల ఊర్లకు అది చెత్తగుంత. మురిగిన చొప్ప, పగిలిన కుండలు, ఇంట్లో చెత్త, అన్నీ అందులోకే. చచ్చిన దూడను బండి మీద తెచ్చి అందులో తోసినప్పుడు నేను మా నాయన పక్కన నిలబడినా. పదేళ్ళుంటాయేమో నాకు. దూడ కిందపడిన చప్పుడు చానాసేపటికి గాని వినపడలేదు. ఎంత వేసినా నిండని గుంత దొరికితే రైతు ఏం చేస్తాడు? మేమూ అదే చేసినాం.

1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర, రాళ్ళూ భూమీ చదివినాయన, ఈ గుహ గురించి రాసిపెట్టినాడంట. ఆ రాత మా ఊరికి చేరలేదు. తర్వాత సుమారు వందేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

1982, 83లో జర్మనీ వాళ్ళు వచ్చినారు. డేనియల్ గెబావర్ అనే ఆయన ఆ జట్టుకు పెద్ద. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. నెత్తిన లైట్లు, నడుముకు తాళ్ళు, ఒళ్ళంతా బురద. పొద్దున దిగితే సాయంత్రానికి బయటికి వచ్చేవాళ్ళు. ఊర్లో ఒకటే పుకారు, నిధి కోసం వచ్చినారని. "బంగారం లేకుంటే అంత దూరం నుంచి ఎవరొస్తారు?" అని రచ్చబండ కాడ పందేలు. వాళ్ళు చేసింది మాత్రం కొలతలు. మన ఊరోళ్ళు కొందరు వాళ్ళతోపాటు ధైర్యంగా దిగి సాయం చేసినారు. అందరూ కలిసి లోపల 3 కిలోమీటర్ల పైన దారి ఉందని తేల్చినారు. ఇప్పుడు రికార్డుల్లో ఉన్న లెక్క 3,229 మీటర్లు. మేఘాలయ గుహలు పక్కన పెడితే మన దేశం మైదానాల్లో ఇంత పొడుగు గుహ ఇంకోటి లేదు. అంతా కొలిచి బంగారం ఎత్తుకుపోకుండానే వెళ్ళిపోయినారు. లోపల ఒక హాలుకు ఇప్పటికీ గెబావర్ పేరే ఉంది.

తర్వాత రిటైరైన పోలీసు అధికారి ఒకాయన, ఊరి పెద్దలు కొందరు ఆఫీసుల చుట్టూ తిరిగినారు. దాన్ని కాపాడాలని ప్రభుత్వం చెప్పేసరికి 1988 వచ్చింది. చెత్త వేయడం మెల్లగా ఆగింది. రోడ్డు రాలేదు, కరెంటు రాలేదు, మనుషులూ రాలేదు. ఇంకో పదేళ్ళు అట్లనే పోయినాయి.

1999లో టూరిజం వాళ్ళు పని మొదలుపెట్టినారు. నేను ఆ పనికి కూలికి పోయినా.

ఈ మాట నేను ఎక్కువమందికి చెప్పలేదు. సొంత చేను పక్కనే ఉండి కూలికి పోవడం ఏందని మా నాయన రెండ్రోజులు మాట్లాడలేదు. కానీ ఆ ఏడు చేలో పని లేదు. గంపలతో మట్టి మోసే పని. కోత కూలికంటే కొంచెం ఎక్కువ ఇచ్చేవాళ్ళు. లోపల చలిగా ఉంటాదనుకున్నా. దిగితే తెలిసింది, ఉక్కపోత. గాలి ఆడదు. పది నిమిషాలకే అంగీ పిండుకోవాల. ఇంకా లోపలికి పోతే ఊపిరి సరిగా ఆడేది కాదు. అందుకే తర్వాత పైనుంచి తూములు వేసి గాలి పంపే ఏర్పాటు చేసినారు.

వరదల్లో కొట్టుకొచ్చి గట్టిపడిన ఒండ్రు, దాని మీద మా ఊర్ల చెత్త. అన్నీ గంపలకెత్తి పైకి మోసినాం. ఒకరోజు పారకు ఎముకలు తగిలినాయి. పక్కన పనిచేసే బేల్దారి "ఏ కాలం నాటివో" అని ఆశ్చర్యపోయినాడు. నేను ఏమీ మాట్లాడలేదు. నాకు ఆ దూడ గుర్తొచ్చింది. అది అదే దూడ అని నేను అనడంలేదు. కానీ మేము వేసిందాన్ని నేనే మోస్తున్నానని మాత్రం ఆ రోజు తెలిసొచ్చింది.

ఆ గుహలో నిజంగా పాతకాలం కుండలు, బౌద్ధుల కాలం వస్తువులు కూడా దొరికినాయి. ధ్యానమందిరం అని ఇప్పుడు చూపించే చోట సన్యాసులు ఉండేవాళ్ళంటారు. ఎవరో కూర్చొని ధ్యానం చేసుకున్న చోట మేము చెత్త పోసినాం.

ఒకరోజు అన్నానికి ఆగినప్పుడు లైటు పట్టుకున్న మేస్త్రీ పైకప్పు చూపించినాడు. పాము పడగల మాదిరి వందల రాళ్ళు వేలాడుతున్నాయి. అదే ఇప్పుడు వేయిపడగలు. ఇంకోచోట మర్రి ఊడల మాదిరి దిగిన రాళ్ళు, ఊడలమర్రి. నేను పుట్టి పెరిగిన నేల కింద ఇది ఉంది. ఏళ్ళ తరబడి దాని మీద గుంటక తోలినా. రొట్టె చేతిలో పట్టుకొని తినడం మర్చిపోయినా.

ఆ రాళ్ళు ఎట్లా అయినాయో తర్వాత ఒక ఇంజనీరు సారు చెప్పినాడు. వాన నీళ్ళు గాలిలోంచి, మట్టిలోంచి సోడాలో ఉండే గ్యాసును పట్టుకుంటాయి. ఆ పులుపు నీళ్ళు సున్నపురాయిని కొంచెం కొంచెం కరిగించుకుంటూ పోతాయి. కరిగిన చోట గుహ. ఆ నీళ్ళే పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా కారేటప్పుడు సున్నం వదిలిపెడతాయి, అది వేలాడే రాయి. ఒక అంగుళం పెరగడానికి వందల ఏళ్ళు. చేత్తో పట్టుకుంటే మన ఒంటి జిడ్డు అంటి అక్కడ పెరగడం ఆగిపోతాది. అందుకే ముట్టుకోవద్దంటారు. లైటు వెలుతురు ఎప్పుడూ పడే చోట పచ్చగా పాచి కూడా పడుతుంది. మనుషులకు చూపించాలంటే లైటు పెట్టాల, పెడితే కొంత పాడవుతాది. ఈ చిక్కు ప్రపంచంలో చూపించే ప్రతి గుహకూ ఉంది.

2002 ఫిబ్రవరిలో గుహలు జనానికి తెరిచినారు. మెట్లు, వంతెనలు, లైట్లు, ఒకటిన్నర కిలోమీటరు నడవడానికి దారి. బయట పెద్ద బుద్ధుడి విగ్రహం. తాడిపత్రి నుంచి, బనగానపల్లె నుంచి బస్సుల్లో బడిపిల్లోళ్ళు దిగినారు. మా జేజి అప్పటికి లేదు. ఉండింటే టికెట్టు కొని ఆ బొక్కలోకి దిగుతున్న ఆడోళ్ళను చూసి ఏమనేదో!

ఇప్పుడు అసలు సంగతికొస్తా. టూరిజం వస్తే ఊరు మారిపోతాది అంటారు కదా. మా కాడ ఏం మారిందో ఉన్నదున్నట్టు చెప్తా.

మంచి ముందు. రోడ్డు బాగుపడింది. కొంతమంది పిల్లోళ్ళకు గైడ్లుగా, టికెట్టు కాడ, కాపలాకు పని దొరికింది. ఆటోలు నడిచినాయి. మా ఊరి పేరు చెప్తే "ఆ, గుహల ఊరు" అంటారు. పెళ్ళి సంబంధాలకు పోయినప్పుడు ఇది కూడా పనికొస్తాది, నవ్వకండి.

రెండోది, నా టీ అంగడి. తెరిచిన ఏడే బొంకు పెట్టినా. టీ, బిస్కెట్లు, చిప్స్. నా పక్కనే ఇంకో నాలుగు బొంకులు, అవే టీ, అవే బిస్కెట్లు. ఆదివారం జనం, పండగ సెలవుల్లో జనం, మామూలు రోజుల్లో ఈగలు. మా సీమ ఎండల్లో మే నెలలో ఎవరొస్తారు? ఇంకో సంగతి నాకు ఏడాదికి గాని తెలీలేదు. ఉక్కపోతలో తడిసి బయటికొచ్చినోడు టీ అడగడు! చల్లగా ఏమన్నా ఉందా అంటాడు. మా అమ్మ కడవలో మజ్జిగ చేసి పంపినప్పటి నుంచి నాలుగు డబ్బులు కనపడినాయి. అమ్మకు చేతగాక అది కూడా ఆగిపోయింది. మూడో ఏడు బొంకు అమ్మేసి మళ్ళీ చేనుకు పోయినా.

మూడోది మా చిన్నాయన కథ. ఇదే నాకు నిద్ర లేకుండా చేసింది.

2001, 2002 కరువులు మీకు గుర్తుండే ఉంటాయి. రాయలసీమలో పశువులను గడ్డి లేక అమ్ముకున్న ఏళ్ళు. చిన్నాయనకు బిడ్డ పెళ్ళి, పాత బాకీ. గుహల కాడ అప్పటికింకా పని నడుస్తానే ఉంది. ఒకాయన వచ్చి రోడ్డు పక్క ఎకరా అడిగినాడు. పక్కనే ఏం రాబోతుందో కొనేటోడికి బాగా తెలుసు. చిన్నాయనకు తెలీదు. మాకూ తెలీదు. రాళ్ళచేను, దానికింత ఇస్తున్నాడే అని సంబరపడినాం. సాక్షి సంతకం పెట్టింది నేనే.

కొన్నాయన చుట్టూ నాపరాళ్ళు నిలబెట్టి, కంచె వేసి, ఏమీ వేయకుండా వదిలేసినాడు. కొన్నేళ్ళకు అదే ఎకరా ఇంకొకరికి అమ్మినాడు. ఎన్నింతలకో నేను రాయను, చిన్నాయన కూడా ఈ పోస్టు చదివించుకుంటాడు. ఆ కొత్తాయన కాడ కొన్నాళ్ళు కాపలా ఉన్నది చిన్నాయనే. తన చేనికి తనే వాచ్‌మన్. జీతం ఇచ్చినారు, మర్యాదగానే చూసినారు. అయినా సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేటప్పుడు ఆయన ముఖం చూడలేకపోయేవాణ్ణి.

నాలుగోది నీళ్ళు. టౌనోళ్ళకు అర్థం కానిది, మనకు బాగా అర్థమయ్యేది ఇదే.

గుహలో అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, ప్రవేశం నుంచి 150 అడుగుల కింద. అక్కడ ఏడాది పొడుగూ సన్నగా నీళ్ళు పారతాయి. పారి పారి రాళ్ళ సందులోకి పోయి మాయమైపోతాయి. అవి 2 కిలోమీటర్ల అవతల బెలుం ఊరి బావి దిక్కుకు పోతాయని మా పెద్దోళ్ళ నమ్మకం. నిజమో కాదో గాని, సున్నపురాయి నేల సంగతి ఏందంటే, అది ఇసుక మాదిరి నీళ్ళను వడగట్టదు. పగుళ్ళలోంచి, బొక్కల్లోంచి నీళ్ళు గొట్టంలో పోయినట్టు పోతాయి. ఇక్కడ పోసింది ఇంకోచోట తేలుతుంది. మా నాయన తోసిన దూడ ఎవరి కడవలోకి పోయిందో దేవుడికే తెలియాల.

నా సొంత అనుభవం ఒకటుంది. ఈ రెండెకరాల్లోనే బోరు వేయించినా. బండి ఆడుతూ ఆడుతూ ఒక్కసారిగా రాడ్డు సర్రున జారిపోయింది. కింద ఖాళీ. బోరాయన నా దిక్కు చూసినాడు, నేను ఆయన దిక్కు చూసినా. బొక్కలోంచి గాలి మాత్రం వచ్చింది, నీళ్ళు రాలేదు. ఆ అప్పు తీర్చడానికి రెండు పంటలు పట్టింది. ఇప్పుడు చెప్పండి, అట్లాంటి నేల మీద ఇరవై రూములు కట్టి, దొడ్లకు గుంత తవ్వి వదిలేస్తే అది యాడికి పోతాది?

ఈ మాటే ఆ టౌనాయన్ను అడిగినా. "అన్నా, అందరూ కడుతున్నారు కదా, ఏమైంది? గుంత ఎంత తవ్వినా నిండదు, మనకే మంచిది" అన్నాడు. నిండని గుంత! ఈ మాట నేను యాడ విన్నానో మీకు తెలుసు. మా నాయన కూడా అదే అనేవాడు.

దసరాకు పిల్లోడు ఇంటికొచ్చినాడు. ఇద్దరం టికెట్టు కొనుక్కొని గుహలోకి దిగినాం. నేను దిగి చానా ఏళ్ళైంది. సప్తస్వరాల గుహ కాడ రాళ్ళు తడితే ఒక్కోటి ఒక్కో సద్దు చేస్తాది. అక్కడ గైడు పిల్లోడు నన్ను గుర్తుపట్టి "పెద్దనాయనా, నువ్వేంది టికెట్టు కొన్నావు?" అన్నాడు. ఫర్వాలేదులే, మట్టి మోసిన డబ్బుల్లో కొంచెం వెనక్కిచ్చినా అనుకో అన్నా.

లోపల కూర్చొని పిల్లోడు నిదానంగా చెప్పినాడు. "నాయనా, నీకు ఈ చేను మీద మమకారం. నాకూ ఉంది. కానీ రెండెకరాల శనగతో బాకీ తీరాలంటే ఎన్నేళ్ళు? గుహ చూసేదానికి వచ్చినోళ్ళ వల్ల మనకు ఏమొచ్చింది ఇన్నేళ్ళూ? చూసిపోయేవాళ్ళు చూసిపోతున్నారు, మనం ఎండలో నిలబడి చూస్తున్నాం. మనం కట్టలేం. కట్టేవాడికి ఇవ్వం. ఇంకెట్లా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు.

మరుసటి రోజు చిన్నాయన కాడికి పోయినాం. ఆయన మంచం మీదే ఉన్నాడు. అంతా విని ఒకే మాట అడిగినాడు. "నేను అమ్మినప్పుడు కరువుండె. నీకేమొచ్చిందబ్బీ?"

బాకీ ఉంది చిన్నాయనా అన్నా. "బాకీకి చేను ఎందుకు, బాకీకి సరిపడేది చూడు" అని అవతలికి తిరిగి పండుకున్నాడు.

ఇంటికొచ్చి ముగ్గురం కూర్చున్నాం, నేను, పిల్లోడు, మా ఇంటామె. ఇంతసేపూ ఏమీ మాట్లాడని ఆమె అప్పుడు అన్నది, "మీరిద్దరూ అమ్మడమా, అమ్మకపోవడమా అనే కొట్లాడుతున్నారు. రోడ్డుకు ఆనుకొని అర ఎకరా చాలదా? మా పొదుపు సంఘంలో పదిమందిమి ఉన్నాం. జొన్నరొట్టె, శనగాకు పప్పు, చెనక్కాయల పొడి, మజ్జిగ. నువ్వు అప్పుడు టీ అమ్మి ఓడిపోయినావు, వాళ్ళకు కావలసింది మన బువ్వ."

చివరికి అనుకున్నది ఇది. చేను అమ్మేది లేదు. రోడ్డు పక్క అర ఎకరా వదిలి, మిగిలిన ఎకరన్నరలో శనగ ఎప్పటిలాగే. ఆ అర ఎకరాలో సంఘం తరఫున రేకుల షెడ్డు. దొడ్లకు గుంత కాకుండా అడుగు, గోడలు అన్నీ సిమెంటు చేసిన ట్యాంకు, నిండితే బండి పిలిచి ఎత్తించాల్సిందే. ఖర్చు ఎక్కువే. పిల్లోడు బాకీలో సగం తను కడతానన్నాడు. మిగతా సగం నా మీద. టౌనాయనకు ఫోన్ చేసి, అన్నా, అమ్మను, కావాలంటే కౌలుకు మాట్లాడుకుందాం అన్నా. ఆలోచిస్తా అన్నాడు. ఇంకా ఫోన్ రాలేదు. రాకపోవచ్చు.

ఇది తెలివైన పనో కాదో నాకు ఇప్పుడు తెలీదు. షెడ్డు నడవకపోతే పిల్లోడు నన్ను ఏమీ అనడు, నాకు నేనే అనుకోవాల.

మీలో చానామంది ఊర్ల కాడ ఇట్లాంటివి ఉన్నాయి. జలపాతమో, కోనో, పాత కోటో, చెరువో. రేపో మాపో రోడ్డు వస్తాది, బోర్డు వస్తాది, వెంటనే చేను అడిగేవాళ్ళు వస్తారు. మా అనుభవంతో నాలుగు మాటలు చెప్తా, మీకు నచ్చితే పట్టించుకోండి.

1. పని మొదలైన ఏడే, తెరవకముందే చేను అమ్మకండి. కొనేటోడికి తెలిసింది మనకు తెలిసేసరికి ఒకటి రెండేళ్ళు పడుతుంది. ఎంత కష్టమున్నా ఆ ఒకటి రెండేళ్ళు ఓర్చుకోండి.

2. కౌలుకు ఇస్తే కాగితం రాసుకోండి. ఏడాది దాటిన కౌలు అయితే రిజిస్టర్ చేయించాలి. గడువు అయిపోయినాక కట్టడం ఎవరిదో అందులోనే రాయించండి.

3. అందరూ పెట్టే అంగడి మీరూ పెట్టకండి. వచ్చినోళ్ళు ఎండలో వస్తారా, తడిసి వస్తారా, ఆకలితో వస్తారా, ఒక నెల ఊరికే కూర్చొని చూడండి. నేను చూడలేదు, మూడేళ్ళు పోగొట్టుకున్నా.

4. మురుగు యాడికి పోతుందో అడగండి. ముఖ్యంగా సున్నపురాయి, నాపరాయి నేలలున్న ఊర్లలో. పంచాయతీలో అడగండి, రాతపూర్వకంగా అడగండి. ఇది అడిగితే అభివృద్ధికి అడ్డం పడుతున్నాడు అంటారు, నన్నూ అన్నారు. అనుకోనీ. తాగేది మనం.

రేపటి నుంచి శనగ విత్తనం. వాన పదును బాగుంది. షెడ్డు పని సంక్రాంతి లోపల అయితే పొయ్యి వెలిగిస్తామంటోంది మా ఇంటామె. గుహలు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఆ దోవలో రేకుల షెడ్డు కనపడితే ఆగండి. ఈ పేజీ చదివేవాళ్ళమని చెప్పండి, మజ్జిగకు డబ్బులు తీసుకోం. రొట్టెకు తీసుకుంటాం, సంఘం లెక్క కదా.

మీ ఊర్లో ఇట్లాంటిది జరిగింటే కింద రాయండి. అమ్మినోళ్ళు, అమ్మనోళ్ళు, ఇద్దరూ రాయండి. అమ్మినోళ్ళను ఎవరూ ఒక్క మాట అనకండి. కరువులో అమ్మినోడి బాధ మా ఇంట్లోనే ఉంది.